నాలుగు చక్రాల మీద కాపరి ఇల్లు

మూడున్నర అడుగులు. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో గొర్రెల కాపరి కోసం కట్టే బండి ఇంట్లో నడవడానికి మిగిలే నేల వెడల్పు సుమారుగా అంతే. పొడవు పదకొండో పన్నెండో అడుగులు. ఆ కాస్త చోటులోనే ఇనుప పొయ్యి, అడ్డంగా మంచం, దాని కింద అరలు, లాగితే వచ్చే బల్ల, రెండు పక్కలా కూర్చునే పలకలు, వెనక గోడకు చిన్న కిటికీ, ముందు రెండు ముక్కల తలుపు అన్నీ ఉంటాయి. బయట చలి సున్నాకు ముప్పై నలభై డిగ్రీలు కిందికి పడిపోయే రాత్రుల్లో, చెట్టన్నది కనపడని మైదానంలో, రోజుల తరబడి ఆగని గాలిలో ఒక మనిషి శీతకాలమంతా అందులోనే ఉండాలి. వండుకోవాలి, తడిసిన బట్టలు ఆరబెట్టుకోవాలి, జ్వరమొస్తే అందులోనే పడుకోవాలి. 1880ల నుంచి కాపరులు అలాగే ఉన్నారు. ఇవాళ్టికీ ఉంటున్నారు.

చలిలో బండి కాపురం అనగానే ఇప్పుడు చాలామందికి కార్ల వెనక లాగే రేకు ట్రైలర్లు గుర్తొస్తాయి. వాటికి దశాబ్దాల ముందే ఈ కాపరి బండి పుట్టింది. దాని పనితనం గురించి రాయాలని నాకు చాలాకాలంగా ఉంది. మాది పల్నాడులో మాచవరం వైపు కావడం అందుకొక కారణం.

మాచవరానికి ఒకవైపు కృష్ణ, ఇంకోవైపు పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, నడుమ నల్లరేగడి చేలు. పత్తి తీశాక, మిరపకాయ కోత అయ్యాక ఖాళీ అయిన చేలల్లో గొర్రెల మందలు దిగుతాయి. రైతులు మంద కట్టించుకుంటారు. రాత్రంతా గొర్రెలు ఆ చెక్కలోనే పడుకుంటే పెంటా మూత్రమూ నేలకు బలం. మాచర్ల గొర్రె అని మన పల్నాటి పేరు మీదున్న జాతికి దేశంలో గుర్తింపు పొందిన గొర్రె జాతుల జాబితాలో చోటు కూడా దొరికింది. గొర్రెకు గుర్తింపు వచ్చింది సరే, దాని వెంట ఉండే మనిషి మాత్రం ఇప్పటికీ దడి పక్కన నేల మీదే గొంగళి పరుచుకొని, చేతికర్ర తల దగ్గర పెట్టుకొని పడుకుంటున్నాడు.

గొంగళిని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. ఉన్ని వడికి, నేసి, చింతగింజల గంజి పట్టించి గట్టిపరిచిన గొంగళి వానకు గొడుగు, రాత్రికి పరుపు, తెల్లవారుజాము మంచుకు దుప్పటి. రెంటచింతల ఎండలు నలభై అయిదు డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో పుష్యమాసపు రాత్రి పదిహేను డిగ్రీలకు దిగితే అదే పెద్ద చలి. ఆ చలిని గొంగళితో గట్టెక్కవచ్చు. వయోమింగ్‌లో గొంగళి చాలదు. అక్కడ కాపరికి ఇల్లే కావాలి, ఆ ఇల్లు మంద వెంట కదలాలి.

అంత చలిలో గొర్రెల్ని బయట తిప్పడం ఎందుకన్న అనుమానం రావడం సహజం. రాలిన్స్ అనే ఊరు సముద్రమట్టానికి రెండువేల మీటర్ల పైన ఉంటుంది. 1868లో యూనియన్ పసిఫిక్ రైలుమార్గం వేస్తున్నప్పుడు వెలిసిన ఊరు. దానికి పడమరగా రెడ్ డెజర్ట్ అనే బీడు వందల కిలోమీటర్లు పరుచుకొని ఉంది. మేత ఉంది గానీ నీళ్లు లేవు. ఎండాకాలం అక్కడ మందను నిలపడం కుదరదు. చలికాలం వచ్చి మంచు కురిశాక గొర్రె ఆ మంచునే తిని దాహం తీర్చుకుంటుంది, మంచుపైకి తేలిన సేజ్ పొదలనూ ఎండుగడ్డినీ మేస్తుంది. అంటే మనుషులంతా ఇళ్లలో తలుపులు మూసుకొని కూర్చునే కాలమే కాపరి బయటికి వెళ్లాల్సిన కాలం. ఒక్క మనిషి, ఒకటో రెండో కుక్కలు, రెండు వేల దాకా గొర్రెలు. మొదట్లో ఆ మనిషికి దిక్కు గుడారమే. మంచుగాలికి గుడారం నిలవదు, నిలిచినా అందులో పొయ్యి నిలవదు. మంద కదిలిన ప్రతిసారీ గడ్డకట్టిన గుడ్డ విప్పడం, బిర్రబిగిసిన తాళ్లు ఊడదీయడం మరో నరకం.

రాలిన్స్‌లో జేమ్స్ క్యాండ్లిష్ అనే కమ్మరి ఉండేవాడు. 1884లో అతను కట్టిందే తొలి కాపరి బండి అని ఎక్కువమంది చెప్పే మాట. ఈ పేరు కోసం పోటీపడే ఊళ్లు వేరే కూడా ఉన్నాయి. నాకు ముఖ్యమనిపించేది మరొకటి. ఇది ఏ ఇంజనీరో కాగితం మీద గీసి పంపినది కాదు. రోజూ కాపరులూ గొర్రెల యజమానులూ వచ్చి గుర్రాలకు లాడాలు కొట్టించుకొనే కొట్టంలో, వాళ్ల కష్టం వింటూ ఉన్న మనిషి చేతి నుంచి వచ్చింది. తర్వాత కాస్పర్‌లో షుల్టే హార్డ్‌వేర్, డగ్లస్‌లో ఫ్లోరెన్స్ హార్డ్‌వేర్ లాంటి దుకాణాలు ఈ బండ్లు కట్టి అమ్మాయి, ఒక్కో సవరణా చేస్తూ పోయాయి. కమ్మరి, వడ్రంగి, రేకు పనివాడు, గుడ్డ కుట్టేవాడు కలిస్తే ఒక బండి. లోపలి అమరిక మాత్రం మొదటి పాతికేళ్లలోనే కుదిరిపోయింది. ఇప్పుడు కడుతున్న కొత్త బండి తలుపు తీసి చూసినా పొయ్యి, పలకలు, మంచం ఆ పాత చోట్లలోనే ఉంటాయి.

కింది నుంచి చూసుకుంటూ వద్దాం. ఇరుసులు, చక్రాలు మామూలు సరుకు బండివే. స్టూడ్‌బేకర్ లాంటి కంపెనీలు తయారుచేసినవి కొని తెచ్చేవారు. కర్ర ఆకులు, కర్ర పూటీలు, వాటి చుట్టూ ఇనుప పట్టా. పట్టాను నిప్పుల్లో ఎర్రగా కాల్చి, వ్యాకోచించి ఉన్నప్పుడే చక్రానికి ఎక్కించి, నీళ్లు గుమ్మరిస్తారు. చల్లారుతూ అది ముడుచుకొని కర్ర మొత్తాన్నీ ఒక్కటిగా బిగిస్తుంది. మన పల్లెల్లో కమ్మరులు ఎద్దుబండికి చేసిన పని సరిగ్గా ఇదే. ఇబ్బంది కూడా అదే: పొడి గాలికి కర్ర ఎండి కుంచించుకుపోతే పట్టా వదులవుతుంది. అక్కడి కాపరి చక్రాన్ని వాగులో నిలిపి నానబెట్టేవాడు. ఇక్కడ ఎండల్లో రైతులు బండిని కుంటలోకి తోలి నానబెట్టేవారు. అంత దూరాన ఉన్న ఇద్దరికీ ఒకే చెక్క ఒకే ఉపాయం నేర్పింది.

నాకు అన్నిటికన్నా నచ్చిన పని ఆ చక్రాల పైన ఉంది. రెండు వైపులా చక్రాలు అడ్డం కాబట్టి వాటి మధ్య పట్టే పెట్టె మూడు, మూడున్నర అడుగులే. పెట్టెను మొత్తంగా చక్రాల పైకి లేపి వెడల్పు చేయవచ్చు. అప్పుడు నేల ఎత్తుకు పోతుంది, బండి తల బరువై పక్కగాలికి పడిపోతుంది, లోపల మనిషి నిలబడడానికి ఎత్తూ చాలదు. అందుకని నేలను కిందే, చక్రాల నడుమే ఉంచారు. గోడలు చక్రాల ఎత్తు దాకా నిటారుగా లేచి, అక్కడ మెట్టులా పక్కకు తిరిగి, చక్రాల మీదుగా బయటికి వెళ్లి, మళ్లీ పైకి లేస్తాయి. పైభాగం వెడల్పు ఆరున్నర అడుగులకు చేరుతుంది. బయటి నుంచి చూస్తే అది చక్రాల మీద వాలిన చూరు. లోపల నుంచి చూస్తే, పొడవునా రెండు పక్కలా కూర్చోవడానికి పలకలు. వాటికి మూతలు పెడితే కింద పెట్టెలు. పిండి, బీన్సు, బొగ్గు, గుర్రపు సామాను, బట్టలు అందులోకి పోతాయి. నేల కింద ఉండడంతో మనిషి నడిమధ్యలో నిటారుగా నిలబడగలడు. చక్రం అడ్డం రావడం వల్లనే ఆ ఇంట్లో కూర్చునే చోటు ఏర్పడింది.

అదే మెట్టు మంచాన్ని కూడా తేల్చింది. మంచాన్ని బండి పొడవునా వేస్తే ఆరడుగులు పోతాయి, పన్నెండు అడుగుల ఇంట్లో సగం ఖాళీ చేసినట్టే. వెనక గోడకు ఆనించి అడ్డంగా వేస్తే ఆరున్నర అడుగుల వెడల్పులో మనిషి కాళ్లు చాపుకొని పడుకోగలడు, పొడవులో నాలుగు అడుగులే ఖర్చవుతాయి. ఆ మంచం కూడా నేలకు దగ్గరగా ఉండదు. పలకల కన్నా ఎత్తున, మొల దాకా వస్తుంది. చిన్న గదిలో ఇనుప పొయ్యి మండితే వేడి గాలి పైకి పోతుంది, కింద కాళ్లు గడ్డకడుతుంటాయి. నేల మీద బకెట్లో నీళ్లు మంచు పొర కట్టే వేళకు నాలుగడుగుల ఎత్తున వెచ్చగా ఉంటుంది. కాపరి నిద్రపోయేది ఆ వెచ్చటి పొరలో. కింద చల్లటి చోటు వృథా పోకుండా అక్కడ సామాను అరలు పెట్టారు.

ఇక మంచం కిందనే ఉండే బల్ల. వెడల్పాటి పలక ఒకటి మంచం చట్రంలో దాగి ఉంటుంది. ముందుకు లాగితే రెండు పలకల మధ్య ఖాళీలోకి వచ్చి నిలుస్తుంది. అటో మనిషి, ఇటో మనిషి కూర్చొని భోంచేయవచ్చు. రొట్టెల పిండి కలపడం, ఉత్తరం రాసుకోవడం, తెగిన కళ్లెం కుట్టుకోవడం అన్నీ దాని మీదే. పని కాగానే లోపలికి తోస్తే నేల మళ్లీ నేల. ఆ ఇంట్లో ఒక్క వస్తువు కూడా ఎప్పుడూ దారికి అడ్డంగా ఉండదు. బండి కదిలేటప్పుడు గిన్నెలు పడకుండా అల్మరాలకు గడియలు, అటక పలకలకు అంచున సన్నటి పట్టీలు. ఆ పట్టీని వేలితో తడిమి చూస్తే, రాళ్ల మీద ఊగే బండిలో పగిలిన పింగాణీ సామాను ఎవరికో గుర్తుండే అది పెట్టించాడని అర్థమవుతుంది.

పైకప్పు మన గూడుబండి కప్పుకు అన్నదమ్ముల వరస. కోటప్పకొండ తిరనాళ్లకు కుటుంబాలు ఎక్కి వెళ్లిన గూడుబండికి వెదురు బద్దలు వంచి పైన చాప కప్పేవారు. ఇక్కడ గట్టి కర్ర చువ్వలు వంచి బిగించి, వాటి మీద మందపాటి కాన్వాసు గుడ్డ లాగి కొడతారు. ఒక పొర కాదు. కాన్వాసు, దానిపైన ఉన్ని కంబళ్లు, వాటిపైన మళ్లీ కాన్వాసు. పొరల మధ్య చిక్కుకున్న గాలే అసలు గోడ, ఎందుకంటే కదలని గాలి వేడిని తేలిగ్గా దాటనివ్వదు. వంపు తిరిగిన పైకప్పు మీద మంచు ఆగకుండా జారిపోతుంది. గాలి మూలల్ని పట్టుకొని లేపడానికి అసలు మూలలే ఉండవు. గుడ్డ వదులుగా ఉంటే రాత్రంతా టపటపా కొట్టుకొని చిరుగుతుంది, పొరల మధ్య గాలినీ బయటికి పంపేస్తుంది. అందుకే డప్పు మీది చర్మంలా బిగించి కొడతారు. గొర్రెల కాపరి ఇంటిని వెచ్చగా ఉంచేది చివరికి గొర్రె ఉన్నే కావడం నాకు ఎంతో సబబుగా అనిపిస్తుంది.

తలుపు బండి ముందు వైపున, గుర్రాలు కట్టే పక్కన ఉంటుంది. అడ్డంగా రెండు ముక్కలు, పైసగం విడిగా తెరుచుకుంటుంది. మంద కదిలే రోజున కాపరి లోపలే నిలబడి, పైసగం తెరిచి, పగ్గాలు ఆ ఖాళీలోంచి పట్టుకొని గుర్రాల్ని తోలేవాడు. వీపు వైపు పొయ్యి మండుతూ ఉంటుంది. ఆగి ఉన్నప్పుడు కింది సగం మూసి ఉంచితే నేల మీద పాకే చలిగాలి లోపలికి రాదు, పైసగంలోంచి మందను చూసుకోవచ్చు. రాత్రి ఎంత చలిగా ఉన్నా అదే పైసగాన్ని, వెనక కిటికీని రవ్వంత తెరిచి ఉంచాలి. నిప్పుకు గాలి కావాలి, మనిషికీ కావాలి. మూసేసిన చిన్న గదిలో పొగ గొట్టం సరిగా లాగకపోతే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా ప్రాణం తీస్తుంది.

పొయ్యి తలుపు పక్కనే, లోపలికి వస్తుంటే సాధారణంగా కుడిచేతి వైపు. కట్టెలూ బొగ్గూ లోపలికి తేవడం, బూడిద బయట పోయడం ఒక్క అడుగులో అయిపోవాలని అక్కడ పెట్టారు. తలుపు తీసినప్పుడు దూసుకొచ్చే చలి మొదట తగిలేది దానికే. కాళ్లు నేలకు బిగించి ఉంటాయి, వెనక చెక్కకు రేకు అడ్డం ఉంటుంది, గొట్టం కప్పును దాటే చోట గుడ్డ కాలకుండా చుట్టూ రేకు చట్రం ఉంటుంది. సేజ్ పొద కట్టె చిటపటమని త్వరగా మండి త్వరగా ఆరిపోతుంది. అది వంటకు సరి. రాత్రంతా నిలవాలంటే బొగ్గు వేయాలి. వయోమింగ్ నేలలో దానికి కొదవ లేదు. గది చిన్నది కావడం ఇక్కడ వరం. పెద్ద ఇంటికి బండెడు కట్టె కావాలి, ఇక్కడ గుప్పెడు చాలు. ఈతల కాలంలో మంచులో పుట్టి బిగుసుకుపోయిన గొర్రెపిల్లల్ని తెచ్చి పొయ్యి పక్కన పడుకోబెట్టేది కూడా ఆ చోటే.

ఇన్ని చెప్పాక అసలు శత్రువు సంగతికి వస్తాను. చలిలో చిన్న ఇంట్లో ఉండేవాళ్లను చలి కన్నా ఎక్కువగా వేధించేది తడి. మనిషి ఊపిరితోనే రాత్రికి గ్లాసెడు నీళ్లు గాలిలో కలుస్తాయి. అన్నం ఉడికినా, చెమ్మబారిన బూట్లు ఆరినా ఆవిరే. ఆ ఆవిరి చల్లటి గోడకు తగిలి నీరై కారుతుంది, ఇంకా చల్లటి గోడైతే అక్కడే మంచు పేరుకుంటుంది. పరుపు తడుస్తుంది, చెక్క కుళ్లుతుంది, తడిసిన కంబళికి వెచ్చదనం పోతుంది. కాపరి బండిలో ఆవిరి పోవడానికి దారులున్నాయి. కాన్వాసు, ఉన్ని కొంత బయటికి పోనిస్తాయి. తలుపు పైసందులోంచీ కిటికీలోంచీ కొంత పోతుంది. మండే కట్టె నుంచి వచ్చే ఆవిరైతే గొట్టంలోంచే పోతుంది.

ఆ చివరి మాట తేలిగ్గా తీసుకోవలసింది కాదు. గ్యాసు మండితే నీరు పుడుతుందని మనకు తోచదు. మన వంటింటి 14.2 కిలోల సిలిండరు పూర్తిగా కాలితే ఇరవై రెండు లీటర్ల దాకా నీరు ఆవిరిగా వస్తుంది. మాచవరంలో కిటికీలు తెరిచిన వంటింట్లో అది ఎటుపోయిందో కూడా తెలియదు. మంచుదేశంలో, బిగించిన రేకు ట్రైలరులో, గొట్టం లేని గ్యాసు హీటరు వెలిగించిన మనిషికి మాత్రం ఆ నీరంతా గోడల మీద కనిపిస్తుంది. గ్యాసుకు ఇంకో చిక్కు ఉంది. మన సిలిండరులో ఉండే బ్యూటేను సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. అంతకన్నా చలిగా ఉంటే సిలిండరు నిండా గ్యాసున్నా పొయ్యి వెలగదు. ప్రొపేను మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతుంది కాబట్టి అక్కడివాళ్లు అదే వాడతారు. చలి ఆ గీతను కూడా తాకే రాత్రులు ఉన్నాయి. 1933 ఫిబ్రవరి 9న ఎల్లోస్టోన్‌లో, వయోమింగ్ హద్దుల్లోనే, మైనస్ 54 డిగ్రీలు నమోదైంది. అలాంటి రాత్రి కాపరిని ఆదుకునేది బొగ్గు పొయ్యే.

1930లలో కార్ల వెనక లాగే ట్రైలర్లు బాగా వ్యాపించాయి. ఎయిర్‌స్ట్రీమ్ లాంటి అల్యూమినియం బండ్లు చూడముచ్చటైనవే, ఆ పనితనం మీద నాకు గౌరవం ఉంది. కాకపోతే అవి విహారానికి కట్టినవి. 2010 ప్రాంతంలో ఉత్తర డకోటాలో చమురు పనులు ఊపందుకొని, ఇళ్లు చాలక వేలమంది పనివాళ్లు ట్రైలర్లలోనే శీతకాలాలు గడపవలసి వచ్చినప్పుడు వాటి లోటు తెలిసింది. నేల కింద నీటి పైపులు గడ్డకట్టి పగిలాయి, లోహపు చట్రం వెంట వేడి పారిపోయింది, కిటికీ అద్దాలు లోపల మంచు పట్టాయి. చుట్టూ గడ్డి మోపులు, నురుగు పలకలు పేర్చి బండి కిందికి గాలి పోకుండా దడి కట్టుకున్నారు. కాపరులు ఆ పని ఎప్పటినుంచో మంచుతోనే చేసేవారు. కొత్తగా కురిసిన మంచులో పదిలో తొమ్మిది వంతులు గాలే. చక్రాల చుట్టూ దాన్ని పారతో ఎగదోస్తే నేల కింద గాలి ఆగిపోతుంది. పైపుల బెడద అసలు లేదు, కాపరి బండిలో పైపే లేదు కాబట్టి.

బండిని నిలపడం కూడా కట్టడంలో సగం. గాలి ఎక్కువగా పడమటి నుంచి కాబట్టి వీపు అటు పెట్టి, తలుపు తూర్పుకు వచ్చేలా నిలిపితే పొద్దున్నే ఎండ లోపలికి వస్తుంది. మంచం అడ్డంగా ఉండడంతో బండి పక్కకు ఒరిగితే రాత్రంతా తల కిందికి పోతుంది. అందుకని చక్రాల కింద రాళ్లో పలకలో పెట్టి మట్టం చూసుకుంటారు. పలకలకు ఇంకో ఉపయోగం, చక్రం నేలకు అతుక్కొని గడ్డకట్టదు.

పెట్టెలో కాపురం చేసి చలిని గెలిచిన మనిషి మన వైపు నుంచి కూడా ఉన్నారు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నుంచి వెళ్లిన మంగళామణి 2016 నవంబరు నుంచి 2017 డిసెంబరు దాకా అంటార్కిటికాలోని భారతి కేంద్రంలో 403 రోజులు గడిపారు. 23 మంది బృందంలో ఆమె ఒక్కరే మహిళ. 2012లో పని మొదలుపెట్టిన ఆ కేంద్రాన్ని 134 ఓడ కంటెయినర్లతో కట్టారు. సరుకుగా ఓడలో వచ్చిన పెట్టెలే అక్కడ పేర్చితే గదులయ్యాయి, వాటన్నిటి మీదా గాలిని జార్చే లోహపు తొడుగు వేశారు. నేలకు తగలకుండా కాళ్ల మీద నిలబెట్టడంతో మంచు కింది నుంచి కొట్టుకుపోతుంది. కరెంటు తీసే జనరేటర్ల నుంచి వృథాగా పోయే వేడిని గదులకు మళ్లిస్తారు. కాపరి బండి చిన్నది, భారతి పెద్దది. ఒక మంటతో రెండు పనులు చేయించుకోవడం, గాలికి మూల దొరకనివ్వకపోవడం రెండింటిలోనూ ఉన్నాయి.

బండి ఎంత బాగున్నా కాపరి బతుకు సుఖమని నేను చెప్పడం లేదు. వారాల తరబడి మనిషి మొహం కనపడదు. సామాను తెచ్చే మనిషి వస్తేనే ఉత్తరం, వస్తేనే మాట. పైరనీస్ కొండల నుంచి వచ్చిన బాస్కులు, మెక్సికో వాళ్లు ఆ పని చేశారు. ఇప్పుడు ఎక్కువగా పెరూ వాళ్లు చేస్తున్నారు. ఇంటికి దూరంగా, తక్కువ జీతానికి. 2015లో అమెరికా కార్మిక శాఖ ఇలాంటి విదేశీ కాపరుల కోసం నియమాలు తెచ్చింది. కదిలే ఇంట్లో వేడి, వెలుతురు, నీరు, పడక ఎలా ఉండాలో వాటిలో రాసి ఉంది. మంద వెంట ఉండే మనిషికి ఇల్లు ఒక హక్కని ఒప్పుకోవడం అది. క్యాండ్లిష్ కొట్టంలో మొదలైన పని కాగితం మీదికి రావడానికి నూట ముప్పై ఏళ్లు పట్టింది.

మన వైపు ఆ పని ఎవరూ మొదలుపెట్టలేదు. పిడుగురాళ్లలో, నరసరావుపేటలో ట్రాక్టరు ట్రక్కులు వెల్డింగు చేసే షెడ్లు కావలసినన్ని ఉన్నాయి. వాళ్ల చేతిలో లేని పనితనం ఈ బండిలో ఏదీ లేదు. మన కాపరికి కావలసింది చలి నుంచి కాపాడే ఇల్లు కాదు. ఎండ, వాన, పాము, దోమ, వీటి నుంచి కాపాడాలి. పొయ్యి లోపల అక్కర్లేదు. మంచం మాత్రం అలాగే అడ్డంగా, మొల ఎత్తున కావాలి, ఇక్కడ అది పాము అందని ఎత్తు. కప్పు వంపు తిరిగి రెండు పొరలుగా, కింద తాటాకు చాప, పైన టార్పాలిను, నడుమ జానెడు గాలి ఉంటే ఎండ వేడి కిందికి దిగదు. పక్క గోడలు తడికలుగా కట్టి పైకి ఎత్తి కర్రతో నిలిపితే గాలి ఆడుతుంది, రాత్రికి దించి దోమతెర కట్టుకోవచ్చు. మంచం కింద వలగూడు పెడితే, ఇప్పుడు గంపల కింద మూసే గొర్రెపిల్లలకు నక్క బెడద తప్పుతుంది. కప్పు మీద చిన్న సోలారు పలక ఒకటి ఉంటే ఫోనుకూ టార్చికీ సరిపోతుంది. వరికోతలయ్యాక డెల్టా వైపు వెళ్లే మందల వెంట కూడా రావాలి కాబట్టి డొంకదారిలో పట్టేంత సన్నగా, ట్రాక్టరు దొరకని చోట ఇద్దరు తోస్తే కదిలేంత తేలిగ్గా ఉండాలి.

తలుపు ఎటు పెట్టాలన్నది నేను చెప్పలేను. రాత్రి కుక్క మొరిగితే ముందు దడి వైపు చూడాలా, డొంక వైపు చూడాలా అన్నది మంద దగ్గర పడుకునే వాళ్లకే తెలుసు. మొదటి బండికి చట్రం వెల్డింగు చేయకముందే వాళ్లను పిలిచి షెడ్డులో నేల మీద సుద్దముక్కతో గీయించాలి.